పుట్టింటికి వచ్చే చేప



మన కొమరోలు వైపు సముద్రం లేదు. మనకు తెలిసింది చెరువు చేప. బొచ్చె, రోహు, కొర్రమీను కొంటాం, పులుసు పెడతాం. ఇవన్నీ మంచినీటి చేపలు. సముద్రంలో వేస్తే బతకవు. సముద్రపు చేపల్లో చాలా వాటిని తెచ్చి మన కంభం చెరువులో వేసినా బతకవు.

మరి రెండు నీళ్లలోనూ బతికే చేప ఉందా? ఉంది. దాని పేరు పులస.

ఒకే చేప - రెండు పేర్లు

పులస గోదావరిలో దొరుకుతుంది. ఈ చేప సముద్రంలో ఉన్నప్పుడు విలస అంటారు. నదిలోకి వచ్చాక పులస అంటారు. బెంగాలీలు ఇలిష్ అంటారు. బంగ్లాదేశ్‌కు ఇది జాతీయ చేప.

ఈ చేప నదిలో పుడుతుంది. పిల్లగా ఉన్నప్పుడే నీటి వెంబడి సముద్రానికి పోతుంది. అక్కడ తిని పెరుగుతుంది. వానాకాలంలో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. అప్పుడు, జులై నుంచి సెప్టెంబరు దాకా, ఈ చేప నదిలోకి ఎదురీది వస్తుంది. ఎందుకు? గుడ్లు పెట్టటానికి. మన ఆడపిల్లలు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చినట్టే!

ఉప్పునీళ్లు - మంచినీళ్లు

లీటరు సముద్రపు నీళ్లలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. చేప రక్తంలో ఉప్పు అందులో మూడో వంతే. నదినీళ్లలో ఉప్పు లేనట్టే. ఈ తేడాతో చేపకు ఏం కష్టం వస్తుంది?

ఊరగాయ పెట్టేటప్పుడు చూడండి. నిమ్మకాయ ముక్కలకు ఉప్పు వేస్తాం. తెల్లారేసరికి ఊట ఊరుతుంది. ముక్కలోని నీళ్లను ఉప్పు బయటికి లాగింది. సముద్రంలో చేప ఒంట్లోని నీళ్లు కూడా ఇట్లాగే బయటికి పోతాయి. అందుకని చేప సముద్రపు నీళ్లు తాగుతుంది. ఎక్కువైన ఉప్పును మొప్పల గుండా బయటికి పంపుతుంది. మూత్రం కొంచెమే పోస్తుంది.

ఇప్పుడు శనగలు నానబెట్టండి. తెల్లారేసరికి ఉబ్బుతాయి. నీళ్లు లోపలికి పోయాయి. నదిలో చేపకు ఇదే జరుగుతుంది. అందుకని నదిలో చేప నీళ్లు తాగటం దాదాపు మానేస్తుంది. మూత్రం ఎక్కువ పోస్తుంది. ఉప్పును బయటికి పంపిన మొప్పలే ఇప్పుడు నీటిలోని కాస్త ఉప్పును లోపలికి తీసుకుంటాయి.

చెరువు చేప ఒళ్లు ఒక పనే చేయగలదు. పులస ఒళ్లు రెండు పనులూ చేయగలదు.

చూపుకు తేడా

సముద్రంలోని విలస వెండిలాగా తెల్లగా మెరుస్తుంది. కొన్నాళ్లు నదిలో ఈదాక దానికి బంగారు చాయ వస్తుందని గోదావరి జాలర్లు చెబుతారు. రుచి కూడా మారుతుందంటారు. సముద్రంలో తిని కూడబెట్టుకున్న కొవ్వే దానికి సద్దిమూట. ఎదురీదేటప్పుడు మేత తక్కువ. ఆ సద్ది తింటూ వస్తుంది. ఆడచేప మగచేప కంటే పెద్దది. దాని కడుపులో లక్షల గుడ్లు ఉంటాయి.

పులస వేల రూపాయలు పలుకుతుంది. అందుకే కొందరు విలసనే పులస అని అమ్ముతారు. తేడా తెలిసినవాళ్లు మోసపోరు.

వేరే దేశంలో కూడా ఇట్లాంటి చేప ఉంది. అమెరికా, కెనడాల్లో సాకై అనే చేప సముద్రానికి పోయి పెద్దదై తిరిగి వస్తుంది. అదే జాతిలో కొన్ని సముద్రానికి పోవు. సరస్సులోనే ఉండిపోతాయి. వాటిని కొకనీ అంటారు. అవి చాలా చిన్నగా ఉంటాయి. జాతి ఒకటే. సముద్రంలో మేత ఎక్కువ, సరస్సులో తక్కువ. ఒంటి తేడా అక్కడ వచ్చింది.

దారి మూసుకుపోతే?

గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. దానివల్ల లక్షల ఎకరాలు పండుతున్నాయి. కానీ పులసకు అది అడ్డుగోడ. గంగానది మీద ఫరక్కా బ్యారేజీ 1975లో మొదలైంది. అంతకు ముందు ఈ చేప అలహాబాదు దాకా పోయేది. తరువాత పైన బాగా తగ్గిపోయింది. ఇప్పుడు అక్కడ శాస్త్రవేత్తలు బ్యారేజీకి కింద పట్టిన చేపలను పైన వదులుతున్నారు.

ఇంకొక మాట. మన తీరంలో సముద్రపు వేట ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఆపుతారు. పులస నదికి వచ్చేది ఆ తరువాత. బంగ్లాదేశ్‌లో అయితే ఈ చేప గుడ్లు పెట్టే రోజుల్లోనే 22 రోజులు వేట ఆపుతారు.

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అని గోదావరి వాళ్ల సామెత. ఈ సామెత మా కేంద్రంలో బోర్డు మీద రాశాను. ఒక పెద్దమ్మ కూడబలుక్కుని చదివింది. "ఎవరి పుస్తెలంటమ్మా? ఆడదానివే గదా!" అంది. అందరూ నవ్వారు. కాసేపటికి ఆమే మళ్లీ అడిగింది. "కాన్పుకు వచ్చే దాన్ని దారిలోనే పడితే, మళ్లేటికి పిల్లలు యాడ నుంచి వస్తాయి?"

ఆ ప్రశ్న మీరూ ఆలోచించండి.

చదివి చెప్పండి

1. విలస, పులస వేరు వేరు చేపలా?
2. సముద్రంలో చేప నీళ్లు ఎందుకు తాగుతుంది?
3. పులస నదిలోకి ఏ నెలల్లో వస్తుంది? ఎందుకు వస్తుంది?

చేసి చూడండి

ఒక గిన్నెలో దోసకాయ ముక్కలకు ఉప్పు కలపండి. ఇంకొక గిన్నెలో శనగలు నానబెట్టండి. తెల్లారి రెండూ చూడండి. ఏది సముద్రంలో చేప? ఏది నదిలో చేప? మీ నోటు పుస్తకంలో రెండు వాక్యాలు రాయండి.