రూట్ అడిగినా 'కుదరదు' అనే కెర్నల్

లినక్స్ నేర్చుకోవడం మొదలుపెట్టగానే రెండు మంత్రాలు చాలా తొందరగా నోటికి వచ్చేస్తాయి. ఒకటి సీహెచ్‌మాడ్ 777. రెండోది సెట్‌ఎన్‌ఫోర్స్ 0. "పని చేయట్లేదా? మొదటిది కొట్టు. అప్పటికీ కాలేదా? రెండోది కొట్టు" అని సీనియర్లు చెప్తారు, ట్యుటోరియల్స్‌లో కూడా అదే ఉంటుంది. మొదటి దానితో ఏం పోతుందో మనకి తెలుసు: ఆ ఫైల్‌ని ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. రెండోదానితో ఏం పోతుందో చాలామందికి తెలియదు. అది తెలియాలంటే కెర్నల్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

యజమాని ఇష్టం

ఓఎస్ సబ్జెక్టులో మనం మొదట చదివేది రీడ్, రైట్, ఎగ్జిక్యూట్ పర్మిషన్ల గురించి. ఫైల్ ఎవరిదో వాళ్లే ఎవరికి ఏ పర్మిషన్ ఇవ్వాలో నిర్ణయిస్తారు. యజమాని విచక్షణ మీద నడిచే పద్ధతి కాబట్టి దీనికి డిస్క్రిషనరీ యాక్సెస్ కంట్రోల్ అని పేరు. పొట్టిగా డీఏసీ.

ఇందులో రెండు చిక్కులున్నాయి. మొదటిది, రూట్ యూజర్‌కి ఈ పర్మిషన్లు దాదాపు అడ్డే కాదు. రెండోది ఇంకా పెద్దది. మీరు ఒక పీడీఎఫ్ రీడర్ తెరిచారనుకోండి. అది మీ పేరు మీద నడుస్తుంది, కాబట్టి మీరు చదవగలిగే ప్రతి ఫైల్‌నీ అదీ చదవగలదు. పీడీఎఫ్‌తో ఏ సంబంధం లేని మీ ఎస్ఎస్‌హెచ్ కీ కూడా అందులో ఉంటుంది. 'ఎవరి పేరు మీద నడుస్తున్నావు?' అనే డీఏసీ అడుగుతుంది. 'నీ పని ఏంటి? ఆ పనికి ఈ ఫైల్ అవసరమా?' అని అడగదు.

యజమాని చేతిలో లేని రూల్

మ్యాండేటరీ యాక్సెస్ కంట్రోల్, అంటే ఎంఏసీ, ఆ రెండో ప్రశ్న అడుగుతుంది. ఇంటర్ పరీక్షల ప్రశ్నపత్రాల కట్టలు పోలీస్ స్టేషన్‌లో భద్రపరుస్తారు కదా. స్టేషన్ మొత్తానికి ఎస్‌ఐ గారే అధికారి. అయినా ఆ కట్ట విప్పే హక్కు ఆయనకి లేదు. ఆ రూల్ బోర్డుది. కట్ట ఎవరి గదిలో ఉందన్నది అక్కడ లెక్కలోకి రాదు.

ఈ ఆలోచన పాతదే. 1973 ప్రాంతంలో అమెరికా వైమానిక దళం కోసం డేవిడ్ బెల్, లెనార్డ్ లాపడులా రహస్య పత్రాల స్థాయిలకి సంబంధించి ఒక గణిత నమూనా తయారుచేశారు. లినక్స్‌లోకి మాత్రం ఇది చాలా ఆలస్యంగా వచ్చింది. 2000 డిసెంబర్‌లో అమెరికా నేషనల్ సెక్యూరిటీ ఏజెన్సీ ఎస్ఈలినక్స్‌ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. దాన్ని కెర్నల్‌లో కలపమని 2001లో అడిగితే, ఒక్క పద్ధతికే కట్టుబడకుండా ఎవరి మాడ్యూల్ వాళ్లు తగిలించుకునేలా ఒక ఫ్రేమ్‌వర్క్ కావాలని లైనస్ టోర్వాల్డ్స్ అన్నారు. అలా లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్, అంటే ఎల్ఎస్ఎం పుట్టింది. 2003 డిసెంబర్‌లో వచ్చిన 2.6 కెర్నల్‌లో ఎల్ఎస్ఎం, ఎస్ఈలినక్స్ రెండూ ఉన్నాయి.

ఒక ఫైల్ తెరిస్తే ఏం జరుగుతుంది?

వెబ్ సర్వర్ ఒక ఫైల్‌ని తెరవమని ఓపెన్ సిస్టమ్ కాల్ చేసిందనుకుందాం.

ముందు కెర్నల్ ఆ దారిని ఒక్కో డైరెక్టరీ దాటుకుంటూ వెళ్లి అసలు ఫైల్‌ని, అంటే దాని ఐనోడ్‌ని పట్టుకుంటుంది. తర్వాత మామూలు డీఏసీ చెక్ జరుగుతుంది. అక్కడే కాదంటే కథ అక్కడితో అయిపోయింది, ఎస్ఈలినక్స్ దాకా రాదు. సరే అంటే అప్పుడు ఎల్ఎస్ఎం హుక్ వస్తుంది. హుక్ అంటే కెర్నల్ కోడ్‌లో పని జరగబోయే చోట పెట్టిన ఒక ఫంక్షన్ కాల్. 'ఈ పని చేయబోతున్నాను, నీకేమైనా అభ్యంతరమా?' అని మాడ్యూల్‌ని అడగడం అన్నమాట. గుర్తుంచుకోండి, డీఏసీ కాదన్న దాన్ని ఈ హుక్ అవును చేయలేదు. అవునన్న దాన్ని కాదు చేయగలదు, అంతే.

ఎస్ఈలినక్స్ ఇక్కడ యూజర్ పేరు చూడదు, లేబుల్స్ చూస్తుంది. ప్రతి ప్రాసెస్‌కీ ఒక లేబుల్, ప్రతి ఫైల్‌కీ ఒక లేబుల్ ఉంటాయి. ఫైల్ లేబుల్ డిస్క్ మీద ఆ ఫైల్ అదనపు వివరాలతో పాటే ఉంటుంది. వెబ్ సర్వర్ ప్రాసెస్ టైప్ హెచ్‌టీటీపీడీ_టీ. పాస్‌వర్డ్ హాష్‌లుండే షాడో ఫైల్ టైప్ షాడో_టీ. 'ఈ టైప్ ప్రాసెస్, ఆ టైప్ ఫైల్‌ని చదవొచ్చు' అని పాలసీలో రాసి ఉంటేనే అనుమతి. రాయనిదంతా నిషేధమే.

ప్రతిసారీ పాలసీ మొత్తం వెతికితే సిస్టమ్ నత్తలా నడుస్తుంది. అందుకే యాక్సెస్ వెక్టర్ క్యాష్ అని ఒకటి పెట్టారు. ఈ ప్రాసెస్ లేబుల్, ఈ వస్తువు లేబుల్, ఇది ఫైలా సాకెట్టా అనే మూడింటినీ కలిపి, ఇదివరకు చెప్పిన జవాబు అందులో ఉందేమో చూస్తుంది. లేకపోతేనే కెర్నల్‌లోనే ఉన్న సెక్యూరిటీ సర్వర్ అనే భాగాన్ని అడుగుతుంది.

సిస్టమ్ కాల్ గుమ్మం దగ్గరే పేరు చూసి ఎందుకు ఆపకూడదు అని మీకు డౌట్ రావచ్చు. మంచి డౌటే. పేరు చూసి సరే అన్న క్షణానికీ, నిజంగా ఫైల్ తెరిచే క్షణానికీ మధ్య ఎవరైనా ఆ పేరుని ఇంకో ఫైల్‌కి లింక్ చేసేయొచ్చు. అందుకే అసలు ఫైల్ చేతికి చిక్కిన తర్వాతే అడగాలి.

777 కొట్టినా తెరుచుకోని పేజీ

మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక వెబ్ పేజీ రాసి, ఎంవీ కమాండ్‌తో వెబ్ సర్వర్ ఫోల్డర్‌లోకి మార్చారనుకోండి. బ్రౌజర్‌లో 403 వస్తుంది. 777 కొట్టినా మళ్లీ 403. ఎందుకంటే ఎంవీ చేసినప్పుడు ఫైల్ తన పాత లేబుల్‌తోనే వస్తుంది. అది 'యూజర్ ఇంటి ఫైల్' లేబుల్, దాన్ని చదివే అనుమతి వెబ్ సర్వర్‌కి లేదు. డీఏసీకి మీరు ఎంత నచ్చజెప్పినా, అడ్డుపడుతున్నది అది కాదు. సీపీ కమాండ్‌తో కాపీ చేసి ఉంటే కొత్త ఫోల్డర్‌కి తగ్గ లేబుల్ వచ్చేది. ఇప్పుడైనా రీస్టోర్‌కాన్ కమాండ్ ఒక్కటి చాలు, లేబుల్ సరైపోతుంది.

చాలామంది సరిగ్గా ఇక్కడే సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొడతారు. పేజీ వచ్చేస్తుంది. కానీ దాంతో ఒక్క ఫైల్‌కి కాదు, మొత్తం సిస్టమ్‌కి కాపలా పోయింది. ఇకనుంచి ఎస్ఈలినక్స్ తప్పుల్ని లాగ్‌లో రాసుకుంటుంది తప్ప దేన్నీ ఆపదు.

ఆ కాపలా విలువ 2019 ఫిబ్రవరిలో బయటపడింది. కంటైనర్లని నడిపే రన్‌సీ అనే ప్రోగ్రామ్‌లో లోపం దొరికింది. కంటైనర్ లోపల రూట్‌గా ఉన్న ప్రాసెస్, బయట హోస్ట్ మీదున్న రన్‌సీ ఫైల్‌నే తిరగరాయగలదు. డీఏసీ చూపులో అక్కడ రూటూ ఒకటే, ఇక్కడ రూటూ ఒకటే. కానీ రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో ఎస్ఈలినక్స్ మామూలుగా ఎన్‌ఫోర్సింగ్‌లోనే ఉంటుంది. కంటైనర్ లేబుల్‌కి ఆ ఫైల్‌ని రాసే అనుమతి లేదు కాబట్టి దాడి అక్కడే ఆగిపోయింది. ఆ లోపం గురించి పాలసీ రాసినవాళ్లకి ముందే తెలియదు. 'కంటైనర్‌కి ఈ పని అవసరం లేదు' అని మాత్రమే వాళ్లకి తెలుసు. అదే సరిపోయింది. అలాంటి మెషీన్‌లో ఎవరైనా అంతకుముందు సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టి వదిలేసి ఉంటే, ఆ దాడిని ఎస్ఈలినక్స్ ఆపేది కాదు.

ఇది అన్నింటికీ మందు కాదు

కెర్నల్‌లోనే లోపం ఉంటే, కాపలాదారే అమ్ముడుపోయినట్టు, ఎంఏసీ కూడా పడిపోవచ్చు. ఫెడోరాలో మామూలుగా లాగిన్ అయిన యూజర్ ప్రోగ్రామ్‌ల మీద పెద్దగా కట్టుబాట్లు ఉండవు, ప్రధానంగా సర్వీసుల మీదే ఉంటాయి. అంటే పైన చెప్పిన పీడీఎఫ్ రీడర్ సమస్య అక్కడ ఇంకా తీరలేదు. ఆండ్రాయిడ్ ఈ విషయంలో ఒక అడుగు ముందుంది. 2013లో 4.3 వెర్షన్‌తో మొదలుపెట్టి, 2014లో 5.0 నాటికి మొత్తం ఎన్‌ఫోర్సింగ్‌లోకి వచ్చేసింది. మనం ఇన్‌స్టాల్ చేసే యాప్‌లు నడిచే డొమైన్ పేరే 'అన్‌ట్రస్టెడ్ యాప్'.

ఇంకో చిన్న విషయం. సెట్‌ఎన్‌ఫోర్స్ కొట్టడం కూడా ఒక పర్మిషనే, అది కూడా పాలసీలోనే ఉంటుంది. రూట్ అయినంత మాత్రాన సరిపోదు, మీ ప్రాసెస్ లేబుల్‌కి ఆ హక్కు ఉండాలి.

కాబట్టి ల్యాబ్‌లో ఈసారి ఏదైనా ఆగిపోతే ముందు ఆడిట్ లాగ్‌లో 'ఏవీసీ డినైడ్' అనే లైన్ వెతకండి. ఏ లేబుల్, ఏ లేబుల్‌ని, ఏం చేయబోయిందో అందులో స్పష్టంగా ఉంటుంది. లేబుల్ తప్పయితే సరిచేయండి. నిజంగానే పాలసీ అడ్డమైతే ఆ ఒక్క డొమైన్‌ని మాత్రం పర్మిసివ్‌లో పెట్టి చూడండి. అప్పుడు మిగతా సిస్టమ్ మొత్తానికి కాపలా అలాగే ఉంటుంది.