బ్రౌన్‌సీ దీవిలో ఎనిమిది రోజులు

పాఠ్యభాగ ఉద్దేశం

వేసవి శిబిరాలలో ఆటలు, అన్వేషణలు, నెగడు చుట్టూ కథలు ఏర్పాటు చేయడంలోని ఆంతర్యాన్ని స్కౌటు ఉద్యమపు తొలి శిబిరం ఆధారంగా తెలియజేయడం, బాధ్యత అప్పగించడం వల్ల వ్యక్తిత్వం ఎట్లా వికసిస్తుందో వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

బాధ్యత ఎరుగని వారికి పని అప్పగించరాదని పెద్దలు అంటారు. అప్పగించనిదే బాధ్యత ఎట్లా అలవడుతుందని పిల్లలు ప్రశ్నిస్తారు. ఇంటింటా వినిపించే ఈ వాదానికి 1907లో ఇంగ్లండులోని ఒక చిన్న దీవిలో జరిగిన వేసవి శిబిరం ఆచరణపూర్వకమైన సమాధానం చెప్పింది.

ఆ దీవి పేరు బ్రౌన్‌సీ. అది ఇంగ్లండు దక్షిణ తీరాన పూల్ రేవులో ఉంది. శిబిరాన్ని నిర్వహించినవాడు రాబర్ట్ బేడెన్ పోవెల్ అనే సైనికాధికారి. 1899-1900లో దక్షిణాఫ్రికాలోని మాఫెకింగ్ పట్టణం 217 రోజులు ముట్టడిలో చిక్కుకొన్నప్పుడు దాని రక్షణభారం వహించి ఆయన ప్రసిద్ధికెక్కాడు. ఆ సమయంలో పట్టణంలోని బాలురు వార్తాహరులుగా పనిచేశారు. నమ్మి పని అప్పగిస్తే పిల్లలు పెద్దలకు తీసిపోరన్న భావం ఆయన మనస్సులో నాటుకొంది. దానిని శాంతికాలంలో పరీక్షించడానికే 1907 ఆగస్టు మొదటి వారంలో సుమారు 20 మంది బాలురతో ఈ శిబిరాన్ని నెలకొల్పాడు.

బాలుర ఎంపికలోనే ఒక విశేషముంది. కొందరు ఈటన్, హారో వంటి పేరుమోసిన పాఠశాలలలో చదువుతున్న సంపన్నుల బిడ్డలు. తక్కినవారు పూల్, బోర్న్‌మత్ పట్టణాలలోని సామాన్య కుటుంబాలవారు. అంతస్తుల పట్టింపు బలంగా ఉన్న ఆనాటి ఆంగ్ల సమాజంలో ఈ ఇరువురూ ఒక పంక్తిన కూర్చోవడమే అరుదు. శిబిరంలో వారందరినీ కలిపి తోడేళ్లు, ఎద్దులు, మాలకాకులు, కర్ల్యూలు అనే నాలుగు దళాలుగా విభజించారు. కర్ల్యూ అంటే పొడవైన ముక్కుగల నీటిపక్షి. తోడేళ్లకు నీలం, ఎద్దులకు ఆకుపచ్చ, మాలకాకులకు ఎరుపు, కర్ల్యూలకు పసుపు రంగు ఊలుదారాల ముడి భుజాన ఉండేది. ఎవరి బిడ్డ అన్నది మరుగునపడి, ఏ దళంవాడు అన్నదే గుర్తుగా నిలిచింది. ప్రతి దళానికీ ఒక పెద్ద బాలుడు నాయకుడు. తన దళం నడవడికి అతడే పూర్తిగా బాధ్యుడు. ఈ దళపద్ధతే నేటికీ స్కౌటు శిక్షణకు వెన్నెముక.

దినచర్య ఉదయం ఆరుగంటలకు ఆరంభమయ్యేది. కుడూ అనే ఆఫ్రికా జింక కొమ్మును ఊది పిల్లలను నిద్రలేపేవారు. వ్యాయామం, ప్రార్థన, అల్పాహారం ముగిశాక ఆనాటి అంశం మొదలయ్యేది. ఒకనాడు గుడారపు పనులు, ముళ్లు వేయడం, పొయ్యి రాజేసి వండుకోవడం. ఒకనాడు అడుగుజాడలను బట్టి జరిగిన సంగతిని ఊహించడం. ఒకనాడు పశుపక్ష్యాదులను, మొక్కలను, నక్షత్రాలను పరిశీలించడం. మరొకనాడు నీట మునిగినవారిని, అగ్నిప్రమాదంలో చిక్కినవారిని కాపాడే పద్ధతులు. ప్రతి అంశాన్నీ ముందు క్లుప్తంగా చెప్పి, వెంటనే చేయించి, పిదప ఆటగా ఆడించేవారు. సముద్రంలో ఒక దుంగను తిమింగలంగా భావించి, పడవలపై వెళ్లి ఈటెతో పొడిచి లాగే పోటీ అటువంటిదే. అందరూ ఒక్క ఊపున తెడ్లు వేయకపోతే పడవ సాగదు. ఐకమత్యాన్ని గురించి వేరే ఉపన్యాసం అక్కడ అవసరం లేకపోయింది.

అన్నింటిలో విశిష్టమైనది రాత్రి కాపలా. ప్రతి రాత్రీ ఒక దళం పిండి, మాంసం, బంగాళాదుంపలు, తేయాకు తీసుకొని, దుప్పట్లు మోసుకొని, శిబిరానికి దూరంగా వెళ్లి బస చేయాలి. నిప్పు రాజేసి వండుకోవాలి. కావలివాళ్లను నియమించుకోవాలి. ఇతర దళనాయకులతో కలిసి బేడెన్ పోవెల్ స్వయంగా చీకటిలో పొంచి వచ్చి వారి అప్రమత్తతను పరీక్షించేవాడు. చీకటిలో మేలుకొని కూర్చున్న బాలుడికి తన మిత్రుల నిద్ర తన కళ్లమీద ఆధారపడి ఉందన్న ఎరుక కలుగుతుంది. ఏ నీతిగ్రంథమూ ఆ ఎరుకను అంత స్పష్టంగా కలిగించలేదు.

తక్కినవారు రాత్రివేళ నెగడు చుట్టూ చేరి, బేడెన్ పోవెల్ చెప్పే ఆఫ్రికా అనుభవాలను వినేవారు, ఆఫ్రికా పల్లవిని అందుకొని పాడేవారు. చివరిరోజు క్రీడాపోటీలలో నేర్చినదంతా ప్రదర్శించారు. ఈ అనుభవం వెలుగులో ఆయన రచించిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' 1908లో వెలువడి, ఉద్యమాన్ని దేశదేశాలకు వ్యాపింపజేసింది.

అయితే ఆ శిబిరానికి కాలం విధించిన పరిమితులున్నాయి. ఒక రోజు సామ్రాజ్య భక్తికి కేటాయించబడింది. 1909లో భారతదేశంలో ఈ ఉద్యమం ప్రారంభమైనప్పుడు అది ఆంగ్లేయుల, ఆంగ్లో ఇండియన్ల బాలురకే పరిమితమైంది. ధనిక దరిద్రులను ఒక్క దళంలో నిలిపిన ఉద్యమం భారతీయ బాలుడిని గడప బయట నిలిపింది. ఈ వివక్షను సహించలేక మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మద్రాసులో అనీబిసెంట్, అలహాబాదులో మదనమోహన మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ, శ్రీరాం బాజ్‌పాయ్ ప్రభృతులు భారతీయ బాలురకై సంస్థలు స్థాపించారు. నేటి ఆంధ్ర ప్రాంతం నాడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమే. స్వాతంత్ర్యానంతరం 1950 నవంబరు 7న వేర్వేరు సంస్థలు ఏకమై భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. నమ్మకాన్ని కొందరికే పరిమితం చేయడం తగదని స్కౌటు సూత్రాన్ని స్కౌటు ఉద్యమానికే భారతీయులు గుర్తుచేశారు.

కావున శిబిరమంటే సెలవుల కాలక్షేపం మాత్రమే కాదు. యువకుడి చేతికి ఒక పని, ఒక దళం, ఒక రాత్రి అప్పగించి, వెనుదిరిగి చూడకుండా ఉండగల ధైర్యం పెద్దలకు కావాలి. ఆ నమ్మకానికి పాత్రుడు కావడం యువకుడి వంతు.

కఠిన పదాలకు అర్థాలు

ఆంతర్యం = లోపలి భావం
నెగడు = చలికాచుకొనడానికి, వెలుగుకు వేసే పెద్ద మంట
వార్తాహరుడు = కబురు చేరవేసేవాడు
అప్రమత్తత = ఏమరుపాటు లేకపోవడం
ప్రభృతులు = మొదలైనవారు

అభ్యాసం

1. బ్రౌన్‌సీ శిబిరంలోని ప్రత్యేక కార్యక్రమాలను, వాటి ప్రయోజనాన్ని వివరించండి.
2. దళపద్ధతి బాలుర మధ్య భేదాలను ఎట్లా తొలగించింది?
3. భారతీయులు ప్రత్యేక స్కౌటు సంస్థలను ఎందుకు స్థాపించవలసి వచ్చింది?
4. శిబిరంలో పిల్లలను దేనిని ఊది నిద్రలేపేవారు?