“ఇట్లాంటోళ్ళను ఎక్కించుకోము” అంటే...

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు. మా బాబుకు తొమ్మిదేళ్ళు, ఆటిజం ఉంది. నీలకంఠేశ్వరస్వామి జాతరలో జెయింట్ వీల్‌కు టికెట్లు తీసుకుని ఎక్కబోతుంటే, వాడు చెవులు మూసుకుని అరవడం చూసి ఆపరేటర్ “ఇట్లాంటోళ్ళను ఎక్కించుకోము, పక్కకు రామ్మా” అన్నాడు. డబ్బులూ వెనక్కివ్వలేదు. ఎండాకాలం సెలవుల్లో ఆదోనిలో ఉండే మా అక్క పిల్లలతో కలిసి బెంగళూరులో పెద్ద పార్కుకు పోవాలనుకుంటున్నాం. అక్కడా ఇట్లే అంటే ఏం చేయాలి? సదరం సర్టిఫికెట్‌లో మావాడికి వైకల్యం 40 శాతం కూడా రాలేదు.

జవాబు: అమ్మా, మీరు చివర్లో రాసిన మాటతోనే మొదలుపెడతాను. 40 శాతం అనేది పింఛనుకు, రిజర్వేషన్లకు పెట్టిన గీత. నెలకు 6,000 రూపాయల పింఛను రావాలంటే ఆ గీత దాటాలి. వివక్షకు గురికాకుండా ఉండే హక్కుకు మాత్రం అలాంటి గీతేమీ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తన జాబితాలోని 21 వైకల్యాల్లో ఆటిజాన్నీ చేర్చింది. శాతం తక్కువైనంత మాత్రాన సర్దుబాటు అడిగే హక్కు పోదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ కేసులో తేల్చిచెప్పింది. అది పరీక్షలో లేఖరిని ఇవ్వలేదని వచ్చిన కేసు. సూత్రం మాత్రం మీవాడికీ వర్తిస్తుంది. కాబట్టి చేతిలో ఉన్న సర్టిఫికెట్‌ను దాచిపెట్టుకోకండి. అది దేశమంతటా చెల్లుతుంది, కర్ణాటకలో కూడా. శాతం తప్పుగా వేశారనిపిస్తే అప్పీలుకు దారి ఉంది, అది వేరే సంగతి.

ఇక జెయింట్ వీల్ సంగతి. ఆపరేటర్ చేసినది తప్పా అంటే, అతను ఏ కారణంతో ఆపాడన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంత ఎత్తు ఉన్నవాళ్ళే ఎక్కాలన్న నిబంధన అందరు పిల్లలకూ ఉంటుంది, మీవాడికీ ఉంటుంది. బెల్టు సరిగా బిగుసుకోకపోయినా, పిల్లవాడు మధ్యలో కడ్డీ తీసేస్తాడని నిజంగా అనుమానం ఉన్నా ఆపవచ్చు. అలా ఆపడానికి న్యాయమైన ఉద్దేశం ఉండాలని, ఆ ఉద్దేశానికి తగినంత మేరకే ఆపాలని చట్టం మూడో సెక్షన్ అంటుంది. “అరుస్తున్నాడు”, “చేతులు ఆడిస్తున్నాడు”, “పక్కవాళ్ళు భయపడతారు” అన్నవి ఆ కోవలోకి రావు. పక్కన అమ్మ కూర్చుంటే సరిపోతుందా అని కూడా అడగకుండా, పిల్లవాడిని చూడగానే పొమ్మంటే అది వివక్షే. చేయగలిగిన సర్దుబాటు చేయకపోవడాన్ని కూడా వివక్ష కిందే లెక్కించాలని ఆ చట్టమే రాసుకుంది. నడిపేది ప్రైవేటువాళ్ళు కదా అన్న వాదన కూడా నిలవదు. ప్రజలు వినోదానికి వెళ్ళే ప్రైవేటు భవనాలు, టికెట్టు తీసుకుని సేవలందించే ప్రైవేటు సంస్థలు కూడా ఆ చట్టం పరిధిలోనివే.

భద్రత పేరు చెప్పి ఆపేయడం కొత్తేమీ కాదు. 2022 మే 7న రాంచీ విమానాశ్రయంలో ఒక ప్రత్యేక అవసరాల బాలుడిని, బెదిరిపోయి ఉన్నాడని ఇండిగో సిబ్బంది విమానం ఎక్కనివ్వలేదు. మూడు వారాలకు పౌర విమానయాన డైరెక్టరేట్ ఆ సంస్థకు 5 లక్షల జరిమానా వేసింది. కాస్త ఓర్పుగా మెలిగి ఉంటే పిల్లవాడు కుదుటపడేవాడని, వ్యవహారం అంతదాకా వచ్చేదే కాదని విచారణలో తేలింది. అంతకు పదేళ్ళ ముందు, 2012లో, సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను కోల్‌కతాలో స్పైస్‌జెట్ విమానం నుంచి దించేశారు. ఆమెకు 10 లక్షలు చెల్లించమని సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. విమానానికి, జాతరలో చక్రానికి నియమాలు వేరు. ఎదుటి మనిషిని చూడగానే “ఇతనితో ప్రమాదం” అని తీర్పు చెప్పేయడం మాత్రం రెండుచోట్లా ఒకటే.

అలాగని క్యూ లేకుండా నేరుగా ముందుకు పంపాల్సిందేనని పట్టుబట్టవచ్చా? ఈ పేచీ అమెరికాలో డిస్నీ పార్కుల మీద ఏళ్ళ తరబడి నడిచింది. 2013లో డిస్నీ తన పద్ధతి మార్చింది. అంతకుముందు ఒక కార్డు చూపితే చాలావరకు వెంటనే ఎక్కనిచ్చేవారు. తర్వాత క్యూ ఎంత పొడవుందో చూసి “ఫలానా టైముకు రండి” అనడం మొదలుపెట్టారు. ఆటిజం ఉన్న పిల్లల కుటుంబాలు కోర్టుకెక్కాయి. ఎదురుచూడటమే తెలియని పిల్లలకు గంట తర్వాత రమ్మంటే అది ఏం సర్దుబాటు అన్నది వాళ్ళ ప్రశ్న. 2018లో అప్పీలు కోర్టు ఆ ప్రశ్నను విచారణ జరపాల్సినదిగా గుర్తించింది. విచారణ ముగిశాక 2020లో ఫ్లోరిడా కోర్టు డిస్నీ పక్షాన తీర్పిచ్చింది. నా మట్టుకు ఆ కుటుంబాల బాధ న్యాయమైనదే అనిపిస్తుంది. కానీ మన చట్టంలో కూడా సర్దుబాటు వల్ల ఎదుటివారి మీద మోయలేని భారం పడకూడదన్న షరతు ఉంది. అందుకే అడిగేటప్పుడు వాళ్ళు చేయగలిగిన పనే అడగండి. క్యూలో నిలబెట్టకుండా నీడన కూర్చోబెట్టి, వంతు వచ్చాక పిలవమనండి. పక్క సీటు మీకు ఇమ్మనండి. స్పీకరుకు దూరంగా ఉన్న పెట్టె అడగండి. ఎక్కే ముందు ఒక చుట్టు తిరిగేదాకా చూడనిమ్మనండి. పిల్లవాడు ఇబ్బంది పడితే దించడానికి ఏ సైగ చేయాలో ముందే మాట్లాడుకోండి. వీటికి కాదనడానికి కారణం దొరకడం కష్టం.

బెంగళూరు పార్కుకైతే వారం ముందే ఇమెయిల్ పెట్టండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. “మా అబ్బాయికి ఆటిజం ఉంది, సర్టిఫికెట్ జతచేశాను. ఫలానా తేదీన నలుగురం వస్తున్నాం. పెద్ద శబ్దం, తోపులాట పడవు. ఫలానా సర్దుబాట్లు కావాలి. ఏ ఆటకు అనుమతి లేదో, ఎందుకు లేదో రాతపూర్వకంగా చెప్పండి” అని రాస్తే చాలు. జవాబు వస్తే ఫోన్‌లో పెట్టుకుని గేటు దగ్గర చూపండి. రాకపోయినా మీరు ముందే అడిగారన్న ఆధారం మీ దగ్గర మిగులుతుంది. తీరా అక్కడ ఆపేస్తే గొంతు పెంచకండి. కారణం రాసిమ్మనండి. ఇవ్వనంటే ఆ మాటలే ఫోన్‌లో రికార్డు చేయండి. టికెట్టు పారేయకండి.

తర్వాత రెండు దారులున్నాయి. డబ్బు, నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్. పార్కు బెంగళూరులో ఉన్నా, 2019 చట్టం ప్రకారం మీరుండే చోటే కేసు వేయవచ్చు, అంటే కర్నూలు జిల్లా కమిషన్‌లో. గడువు రెండేళ్ళు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వివక్ష మీద చర్య కావాలంటే దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయాలి, అది మాత్రం పార్కు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికే. దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘించినవారికి మొదటిసారి 10,000 దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా ఉంది.

జాతర సంగతి వేరు. రథోత్సవం అయిపోయి జనం పలచబడేసరికి ఆ చక్రాన్ని విప్పి లారీలకెక్కించి మరో ఊరికి పోతారు. నోటీసు అందుకునేవాడే దొరకడు. అక్కడ కోర్టుకన్నా ఆ రాత్రే వేసే అర్జీకి ఎక్కువ బలం. జాతర బందోబస్తులో ఉన్న పోలీసు అధికారికి, ఆటలకు అనుమతిచ్చిన మునిసిపాలిటీకి రాసివ్వండి. తర్వాతి సోమవారం ఆదోని సబ్ కలెక్టర్ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ ఇచ్చి రసీదు తీసుకోండి. వచ్చే ఏడాది అనుమతిలో “వైకల్యం పేరుతో ఎవరినీ తిప్పి పంపరాదు” అన్న షరతు పెట్టమని అడగండి. ఒక్క తల్లి అడిగితే పక్కన పెడతారేమో, పదిమంది సంతకాలుంటే చదువుతారు.

నలుగురిలో కావాలని అవమానించినా, బెదిరించినా దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలు శిక్ష ఉంటుంది. మీరు రాసినంతవరకు ఆ ఆపరేటర్ మాట మొరటుదే తప్ప, అవమానించాలన్న ఉద్దేశాన్ని రుజువు చేయడం కష్టం. ఆ సెక్షన్‌ను నిజంగా నీచంగా ప్రవర్తించినవాళ్ళ కోసం ఉంచుకుందాం.

మీరు అడగలేదు గానీ, ఒకటి చెప్పాలి. ఇలాంటి పిల్లలు గుంపులో చెయ్యి విడిపించుకుని పరిగెత్తడం మామూలే. చొక్కా లోపలి వైపు మీ ఫోన్ నంబరు రాయండి. ఉదయం వేసిన బట్టలతోనే ఒక ఫోటో తీసుకోండి. కనిపించకపోతే 112కు చేయండి. “రేపటిదాకా చూద్దాం” అని ఏ స్టేషన్లోనూ అనడానికి వీల్లేదు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు రాగానే ఎఫ్ఐఆర్ నమోదు చేయాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇక కేసు వేయాల్సి వస్తే, లాయరు ఖర్చుకు భయపడకండి. బాలుడిగానూ, వైకల్యం ఉన్నవాడిగానూ మీ అబ్బాయికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం దక్కుతుంది. ఎమ్మిగనూరు కోర్టులోనో, ఆదోని కోర్టులోనో మండల న్యాయసేవాధికార కమిటీని అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి. వెళ్ళేటప్పుడు సర్టిఫికెట్, టికెట్టు, అర్జీ రసీదు వెంట తీసుకెళ్ళండి.