సెంటర్ స్పీకర్ కొనే ముందు...

ప్రశ్న: మా ఇంట్లో 5.1 రిసీవర్‌కు ముందు స్పీకర్లు రెండు, సబ్‌వూఫర్ ఒకటి ఉన్నాయి. పాటలు బాగుంటాయి కానీ సినిమాలో మాటలు సరిగా వినపడవు. బాపు సౌండ్ పెంచమంటడు, ఫైట్ రాగానే అమ్మ తగ్గించమంటది. సెంటర్ స్పీకర్ కొంటే సరిపోతుందా?
- ఒక పాఠకుడు, జనగామ

జవాబు: ముందు రూపాయి ఖర్చు లేని పని ఒకటి చేయండి. రిసీవర్ స్పీకర్ సెటప్‌లో సెంటర్ ఎదురుగా ఏముందో చూడండి. లేని స్పీకర్‌ను ఉన్నట్టు పెట్టి ఉంటే మాటలన్నీ ఆ ఖాళీ టెర్మినల్‌కే పోతాయి. ‘నన్’ అని మారిస్తే అవి ఎడమ, కుడి స్పీకర్లకు వస్తాయి.

అయినా కొనమనే చెప్తాను. 5.1 సినిమాలో మాటల్లో ఎక్కువ భాగం సెంటర్ ఛానెల్‌లోనే ఉంటుంది. థియేటర్‌లో ఆ స్పీకర్ తెర వెనకే ఉంటుంది, శబ్దం బయటికి రావడానికే తెరకు సన్నటి చిల్లులు పెడతారు. 1933లో అమెరికాలో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు ఫిలడెల్ఫియాలో వాయిస్తున్న ఆర్కెస్ట్రాను వాషింగ్టన్‌లో వినిపించినప్పుడే ఎడమ, కుడి చాలవని మధ్యలో మూడోది పెట్టారు. రెండే ఉంటే సరిగ్గా నడుమ కూర్చున్నవారికి ఇబ్బంది లేదు. ఓ పక్కన మంచం మీద కూర్చునే పెద్దవాళ్లకు మాత్రం మాట తెర మీది మనిషి నుంచి కాక దగ్గరి స్పీకర్ నుంచి వస్తుంది.

మీ ముందు స్పీకర్ల కంపెనీ, వీలైతే అదే సిరీస్ తీసుకోండి. లేకపోతే మనిషి తెరకు ఈ వైపు నుంచి ఆ వైపు నడుస్తుంటే గొంతు మారినట్టుంటుంది. సెటప్‌లో ‘స్మాల్’, క్రాసోవర్ 80 హెర్ట్జ్ పెట్టి, సెంటర్ లెవెల్ ఒక్కటే 2, 3 డెసిబెల్స్ పెంచండి. బాపుకు మాట వినపడుతుంది, అమ్మకు ఫైట్ మోత పెరగదు.

ప్రశ్న: నాది అసెంబుల్డ్ స్టీరియో ఆంప్లిఫయర్. లెఫ్ట్, రైట్ వైర్లు కలిపి మధ్యలో ఇంకో స్పీకర్ పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, మహబూబాబాద్

జవాబు: వద్దు. రెండు ఛానెళ్ల ప్లస్ వైర్లు కలిపితే ఐసీ కాలిపోవచ్చు. ఒకే ఛానెల్‌కు 8 ఓమ్స్ స్పీకర్లు రెండు ప్యారలల్‌గా కడితే లోడు 4 ఓమ్స్‌కు పడిపోయి ఆంప్లిఫయర్ వేడెక్కుతుంది. పైగా మాటలు విడిగా రావు, అదే శబ్దం మూడో చోట మోగుతుంది, అంతే. ఆ డబ్బు 5.1 రిసీవర్‌ కోసం దాచుకోండి.

ప్రశ్న: మాది సింగరేణి క్వార్టర్, హాలు చిన్నది. సెంటర్ స్పీకర్‌ను టీవీ కింద షోకేసులో పెట్టాం. గొంతులు బొంగురుగా వస్తున్నాయి. స్పీకర్ మార్చాలా?
- ఒక పాఠకురాలు, భూపాలపల్లి

జవాబు: స్పీకర్‌ది తప్పు కాదమ్మా, అరది. లోపలికి నెట్టిన స్పీకర్ శబ్దం చెక్క గోడలకు తగిలి గుమ్మంటుంది. దాని మూతి అర అంచు దాకా రావాలి. స్పీకర్ ముందు భాగం కింద రబ్బరు ముక్క పెట్టి, కూర్చున్నవాళ్ల చెవుల వైపు కాస్త పైకి వంచండి. టీవీ నుంచి రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ వైరు ఉంటే, టీవీ ఆడియో సెట్టింగ్‌లో ‘పీసీఎం’ తీసేసి ‘ఆటో’ లేదా ‘పాస్‌త్రూ’ పెట్టండి. ఏఆర్‌సీలో పీసీఎం అంటే రెండు ఛానెళ్లే వస్తాయి, సెంటర్‌ది విడిగా రాదు. ఇవన్నీ చేశాకా బొంగురు పోకపోతేనే కొత్త స్పీకర్ సంగతి ఆలోచించండి.