మర్రిగూడ నీరును, వెన్నుపామును

విద్యార్థులారా, మన మెదడునుండి చిటికెనవ్రేలి లావున ఒక త్రాడు వెన్నెముక నడుమనున్న గొట్టములో నడుము వఱకు దిగియున్నది. దానిని వెన్నుపామందురు. కాలు కదల్పుమను ఆజ్ఞ పోవునదియు, కాలికి ముల్లు గ్రుచ్చుకొన్న వార్త వచ్చునదియు ఈ త్రోవనే.

నరముల వ్యాధులలో కొన్నింటియందు నరకణములే లోలోపల క్షీణించి నశించును. పార్కిన్‌సన్ వ్యాధియు, ఆల్జీమర్ వ్యాధియు అట్టివి. నశించిన కణములను మరల పుట్టించు మందు నేటికిని లేదు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ ప్రాంతమున పెక్కుమందిని మంచమునకు కట్టివేసిన వ్యాధి పైకి వానివలెనే తోచును. కాళ్లు తిమ్మిరెక్కును, పిదప బిగిసికొనును, తుదకు చచ్చుబడును. కాని యిచ్చట దోషము నరములలో పుట్టినది కాదు, బావినీటిలో పుట్టినది.

ఈ నేల నల్లఱాతి నేల. ఆ ఱాతిలోని ఫ్లోరైడు అను లవణము భూగర్భజలములో కరగును. లీటరు నీటిలో అది ఒకటిన్నర మిల్లీగ్రామునకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయము. అంతకు మించిన నీటిని ఏండ్లతరబడి త్రాగినచో, మూత్రపిండములు కొంత ఫ్లోరైడును వెలికి పంపినను, మిగిలినది ఎముకలలో చేరును. ఎముకలు దళసరియగును, వానిపై ముండ్లవంటి పెరుగుదలలు లేచును, ఎముకలను కట్టియుంచు బంధనములు సైతము ఎముకవలె గట్టిపడును. అప్పుడు వెన్నెముక గొట్టము ఇఱుకై వెన్నుపామును నొక్కును.

ఇది పూర్వజన్మ పాపమని తలంచి మిన్నకున్నవారు పెక్కుమంది. వైద్యులు అట్లు ఊరకుండలేదు. 1937లో షార్టును, ఆయన సహచరులును నాటి మద్రాసు రాజధానియందలి రోగులను పరీక్షించి ఈ వ్యాధిని వర్ణించిరి. 1945లో దావర్ అను వైద్యుడు నల్లగొండ జిల్లా రోగులను గూర్చి ఇండియన్ మెడికల్ గెజెటులో వ్రాసెను. తరువాత హైదరాబాదున నరముల శస్త్రవైద్యుడగు డాక్టరు డి. రాజారెడ్డి దీనిని దశాబ్దములపాటు పరిశోధించెను. ఈయనయే ప్రాచీన నాణెములను గూర్చియు గ్రంథములు రచించెను. పాతుకొనియున్న దానిని ఓర్పుతో వెలికి తీయుట ఆయనకు అలవాటు కాబోలు! ఫ్లోరైడు ఎముకలకు సోకినవారిలో ఇంచుమించు పదింట ఒకరికి నరముల బాధ కలుగునని ఆయన 2009లో ప్రకటించిన వ్యాసమున కలదు.

మఱి చికిత్స యేమి? వెన్నెముక వెనుకభాగమును తొలగించి వెన్నుపామునకు చోటు కల్పింపవచ్చును. కాని ఆ యెముక దంతమువలె గట్టిది. ఉలి యించుక తప్పినను వెన్నుపాము గాయపడును. ఆలస్యముగా వచ్చినవారికి ఫలము స్వల్పము. ఎముకలో చేరిన ఫ్లోరైడును కరగించు నమ్మదగిన మందు లేదు. కావున మొదటి చికిత్స నీరు మార్చుటయే.

నీటిని కాచినచో చాలునని మన యిండ్లలో అనుకొందురు. అది క్రిములకు మందు, ఫ్లోరైడునకు కాదు. కాచినకొలది నీరు తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు; మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును. నాగపురమునందలి పరిశోధన సంస్థవారు సున్నమును, పటికను కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు విధానమును 1970 దశకమున రూపొందించిరి. దానికి లోకమంతట నల్లగొండ పద్ధతి యని పేరు. మన జిల్లా పేరు ఈ విధమున దేశదేశముల ప్రాకుట సంతోషింపదగినదో, సిగ్గుపడదగినదో నాకు తోచదు.

ఆహారమును గూర్చియు హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు శోధించిరి. చింతపండు తిన్న బడిపిల్లల మూత్రములో ఫ్లోరైడు ఎక్కువగా వెలువడెనని 2002లో ప్రకటించిరి. అయినను చింతపులుసు మంచినీటికి బదులు కాజాలదు.

2015లో మిషన్ భగీరథ పథకమునకు చౌటుప్పల్‌లో శంకుస్థాపన జరిగెను. ఇప్పుడు గొట్టములలో నదీజలము వచ్చుచున్నది. తలిదండ్రులు ఒక్కటి గమనింతురు గాక. కుళాయి రాని దినమున త్రాగుటకు మాత్రము మంచినీరు దాచి, వంటకు బోరునీరు వాడుట కలదు. ఆ నీటితో వండిన అన్నములోనికిని, పప్పులోనికిని అందలి ఫ్లోరైడు చేరును.