ఇంజను పోయిన చోట శిల్పి

మోటారు సైకిలుకు ఆ రూపం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇంజను నుంచే. నడుమ సిలిండరు, దాని చుట్టూ గాలికి చల్లబడేందుకు రెక్కలు, పైన పెట్రోలు టాంకు, పక్కన పొగగొట్టం. ఇవేవీ అందం కోసం పెట్టినవి కావు. పని కోసం పెట్టినవే మన కంటికి అందమయ్యాయి. 1998లో న్యూయార్కు గుగెన్‌హైమ్ మ్యూజియం మోటారు సైకిళ్ళనే కళాఖండాలుగా ప్రదర్శించింది.

విద్యుత్తు బండితో చిక్కు వచ్చి పడింది. టాంకు అక్కర్లేదు, పొగగొట్టం లేదు. మిగిలింది బరువైన బ్యాటరీ పెట్టె, చిన్న మోటారు. అయినా చాలా బళ్ళమీద టాంకు ఆకారం అలాగే ఉండిపోయింది, లోపల పెట్రోలు మాత్రం లేదు! కొత్త రూపం వెతకడానికి శిల్పి కావలసింది ఇక్కడే.

అట్లాంటాకు చెందిన బ్రయన్ ఫుల్లర్, డల్లాస్‌లోని హాస్ మోటో మ్యూజియం కోసం '2029' అనే బండి చేశాడు. దాని యంత్రభాగం జీరో కంపెనీవారి ఎఫ్‌ఎక్స్‌ఎస్ విద్యుత్ బండిది. రూపానికి స్ఫూర్తి మాత్రం 1929 నాటి ఫ్రెంచి బండి 'మజెస్టిక్'. జార్జ్ రువా రూపొందించిన ఆ బండిలో యంత్రమంతా రేకు తొడుగులో దాగి ఉండేది. ముందు చక్రానికి మామూలు ఫోర్కు ఉండేది కాదు. తొంభయ్యేళ్ళనాటి ఆ ఊహ విద్యుత్తు బండికి చక్కగా అమరింది. ఎందుకంటే దాచడానికి ఇప్పుడు పెద్ద ఇంజనే లేదు కదా!

అలాగని శిల్పికి పూర్తి స్వేచ్ఛ దొరికిందనుకోకూడదు. మూడు విషయాలు గమనించాలి. ఒకటి, బ్యాటరీ బరువు వీలైనంత కిందికి, చక్రాల నడుమ ఉండాలి. లేకపోతే మలుపులో బండి మాట వినదు. రెండు, మోటారుకూ కంట్రోలరుకూ వేడి పుడుతుంది. తొడుగు అందంగా బిగిస్తే లోపలివి ఉడికిపోతాయి. మూడు, చక్రాన్ని పళ్ళెంలా మూసేస్తే పక్కగాలికి అది తెరచాప అవుతుంది. గుడిలో శిల్పం నిలబడి ఉంటుంది, మనం ప్రదక్షిణం చేస్తాం. ఈ శిల్పం మనిషిని ఎక్కించుకుని, ఒరిగి, పరిగెత్తాలి. పొరపాటు జరిగితే దెబ్బ తగిలేది ఆ మనిషికే.

కాబట్టి ఇంజనీరు అంతా పూర్తిచేశాక రంగు వేయడానికి కళాకారుణ్ణి పిలవడం సహకారం కాదు. మొదటి గీత గీసేనాడే ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

ఆసక్తిగల మిత్రులు ఒక పని చేసి చూడండి. కాగితంమీద రెండు చక్రాలు, ఒక బ్యాటరీ పెట్టె, కూర్చున్న మనిషి, ఇంతవరకే గీయండి. టాంకు గీయకండి. ఆ ఖాళీలో ఏం ఉండాలో ఇంజనీరింగ్ విద్యార్థి, చిత్రకళ విద్యార్థి కలిసి వాదించుకోండి. అసలు పాఠం అక్కడ మొదలవుతుంది.