నొప్పి ప్యాచ్ కూడా మందే: అతికించే ముందు ఒక్క నిమిషం



స్పోర్ట్స్ డే ప్రాక్టీసు మొదలైందంటే చాలు, చీలమండ బెణికిందనో, తొడ కండరం పట్టేసిందనో పిల్లలు కుంటుకుంటూ ఇంటికి వస్తారు. తాతగారి మోకాళ్లకో, మన మెడనొప్పికో తెచ్చిన ప్యాచ్‌లు అల్మారాలో ఉండనే ఉంటాయి. "మింగే మాత్ర కాదు కదా, పైన అతికించేదే కదా, ఏమవుతుంది?" అనుకుని ఒకటి తీసి వేసేస్తాం. ఆ ప్రశ్నకు జవాబే ఈ నెల ఆరోగ్య పాఠం.

ప్యాచ్‌లో ఏముంటుంది?

దెబ్బ తగిలిన చోట మన శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారు చేస్తుంది. వాపు, ఎరుపు, నొప్పి రావడంలో వీటి పాత్ర పెద్దది. ఆస్పిరిన్ వంటి మందులు వీటి తయారీని అడ్డుకుంటాయని జాన్ వేన్ అనే శాస్త్రవేత్త 1971లో చూపించారు. ఆయనకు 1982లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. డైక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ కూడా ఇదే కుటుంబానికి చెందిన మందులు. మాత్రలో ఉండే మందే ప్యాచ్‌లోనూ ఉంటుంది. దారి మాత్రమే వేరు.

చర్మం గుండా వెళ్లే మందు ఎక్కువగా ఆ చోటనే పనిచేస్తుంది. రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా తక్కువ. అందుకే కడుపులో మంట, పుండ్ల బెడద తగ్గుతుంది. మోకాలి కీళ్ల అరుగుదలకు ముందుగా ఇలాంటి పైపూత మందులు ఇవ్వాలని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2022 మార్గదర్శకాల్లో చెప్పింది. మోకాలు, చీలమండ, మణికట్టు వంటి చోట్ల కీలు చర్మానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఫలితం కనిపిస్తుంది. తుంటి కీలు లోతుగా ఉంటుంది, అక్కడికి మందు సరిగా చేరదు.

అన్ని ప్యాచ్‌లూ ఒకటి కావు

చూడటానికి ఒకేలా ఉన్నా, లోపలి మందు వేరు కావచ్చు. బాక్సు మీద పేరు చదవండి.

డైక్లోఫెనాక్, కీటోప్రొఫెన్: వాపును, నొప్పిని తగ్గించేవి. కీటోప్రొఫెన్ వాడిన చోట ఎండ తగిలితే చర్మం కమిలి బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. వాడినన్ని రోజులూ, ఆపేసిన తర్వాత మరో 2 వారాలూ ఆ చోట ఎండ పడకుండా బట్టతో కప్పాలి. గ్రౌండ్‌లో ఆడే పిల్లలకు ఇది చాలా ముఖ్యం.

మిథైల్ సాలిసిలేట్, మెంథాల్: బామ్ వాసన వచ్చేవి. మిథైల్ సాలిసిలేట్ ఆస్పిరిన్‌కు దగ్గరి చుట్టం. ఆస్పిరిన్ పడనివారికి ఇదీ పడకపోవచ్చు. ఇలాంటి పైపూత మందులతో అరుదుగా చర్మం కాలిన సందర్భాలు ఉన్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది.

క్యాప్సైసిన్: మిరపకాయలో మంట పుట్టించే పదార్థం. అతికించిన చేత్తో కళ్లు నలుపుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

పిల్లలకు వేయవచ్చా?

అది ప్యాచ్‌ను బట్టి ఉంటుంది. ఉదాహరణకు, అమెరికాలో డైక్లోఫెనాక్ ఎపోలమైన్ ప్యాచ్‌ను 6 ఏళ్లు, ఆపై వయసు పిల్లలకు చిన్నపాటి బెణుకులు, కమిలిన దెబ్బలకు వాడేందుకు అనుమతి ఉంది. చాలా ప్యాచ్‌లు మాత్రం పెద్దల కోసమే తయారైనవి. కాబట్టి తాతగారి ప్యాచ్‌ను సగం కత్తిరించి మనవడికి వేయడం సరైన డోసు కాదు. పిల్లల డాక్టరును అడగకుండా ఏదీ వేయవద్దు. ఆస్తమా ఉన్న పిల్లలకు, గతంలో ఏ నొప్పి మాత్రకైనా దద్దుర్లో ఆయాసమో వచ్చిన పిల్లలకు ఇంకా జాగ్రత్త అవసరం.

బెణికిన మొదటి రోజు చేయాల్సింది సులువే. ఆట ఆపించి విశ్రాంతి ఇవ్వండి. ఐసును గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి. కాలిని దిండు మీద ఎత్తుగా ఉంచండి. నూనె వేసి గట్టిగా మర్దన చేయించకండి.

ప్యాచ్ వెనక దాక్కునే జబ్బులు

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. నొప్పి ఒక కబురు. దాన్ని వినకుండా ప్యాచ్‌తో కప్పేస్తే అసలు జబ్బు ఆలస్యంగా బయటపడుతుంది.

పిల్లల ఎముకల చివర్లలో ఇంకా పెరుగుతున్న మెత్తని భాగం ఉంటుంది. అది చుట్టూ ఉన్న లిగమెంట్ల కంటే బలహీనం. అందుకే పెద్దవాళ్లకు బెణుకుగా పోయే దెబ్బ, పిల్లల్లో ఫ్రాక్చర్ కావచ్చు. పిల్లవాడు నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే, ఎముకను నొక్కితే విలవిల్లాడితే, ఆకారం మారినట్టు కనిపిస్తే వెంటనే ఎక్స్‌రే తీయించాలి.

గొంతునొప్పి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరంతో పాటు ఈ రోజు మోకాలు, రేపు చీలమండ అన్నట్టు కీళ్లనొప్పి చోటు మారుతూ వస్తే అది రుమాటిక్ జ్వరం కావచ్చు. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఈ జబ్బు గుండె కవాటాలను దెబ్బతీస్తుంది. డాక్టరు చూడకముందే నొప్పి మందులు మొదలుపెడితే ఆ లక్షణం చెరిగిపోయి, జబ్బును గుర్తుపట్టడం కష్టమవుతుంది.

వర్షాకాలంలో జ్వరంతో ఒళ్లునొప్పులు వస్తే డెంగీ అనుమానం ఉంటుంది. ఆ సమయంలో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ కుటుంబం మందులు రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. ప్యాచ్‌తో సహా వేటినీ సొంతంగా వాడకండి.

రాత్రి నిద్రలోంచి లేపే ఒక కాలి నొప్పి, ఉదయం లేవగానే కీళ్లు బిగుసుకుపోవడం, వారం దాటినా తగ్గని కుంటు, ఇవి కూడా డాక్టరుకు చూపించాల్సినవే.

ఇంట్లో పెద్దవాళ్ల సంగతి

అమ్మమ్మ, నానమ్మ, తాతయ్యల్లో కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు ప్యాచ్ వేసుకునే ముందు డాక్టరుతో మాట్లాడాలి. ఒక ప్యాచ్ మోకాలికి, ఒకటి నడుముకు, పైగా ఒక నొప్పి మాత్ర అంటే ఒకే మందు మూడు దారుల్లో లోపలికి వెళ్తున్నట్టు. గర్భిణులు, ముఖ్యంగా 20 వారాలు దాటినవారు, డాక్టరు చెప్పకుండా వీటి జోలికి వెళ్లకూడదు.

అతికించే పద్ధతి

1. చర్మం శుభ్రంగా, పొడిగా ఉండాలి. కొబ్బరినూనె, పసుపు, బామ్ ఏదీ ఉండకూడదు.
2. గాయం, గీరుడు, దద్దురు, తామర ఉన్న చోట వేయకూడదు.
3. ప్యాచ్ మీద వేడి కాపడం, హాట్ వాటర్ బ్యాగ్, గట్టి కట్టు వద్దు. వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువ లోపలికి వెళ్తుంది.
4. స్నానానికి ముందు తీసేయండి.
5. ఎన్ని గంటలు, రోజుకు ఎన్ని, ఎన్ని రోజులు అన్నది బాక్సు మీద ఉన్నట్టే పాటించండి. తగ్గలేదని రెండోది పక్కన అతికించకండి.
6. మంట, దురద, బొబ్బ వస్తే వెంటనే తీసి నీళ్లతో కడగండి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా ఆసుపత్రికి వెళ్లండి.
7. వేసిన తర్వాత, తీసిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

తీసిన ప్యాచ్ ఎక్కడికి పోతోంది?

పైన చెప్పిన డైక్లోఫెనాక్ ఎపోలమైన్ ప్యాచ్‌లో 180 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. వాడి తీసేసిన తర్వాత కూడా అందులో 170 మిల్లీగ్రాముల వరకు మిగిలి ఉండవచ్చని దాని లేబులే చెబుతుంది. మంచం పక్కన పడేసిన ప్యాచ్‌ను పాకే పసిపాప నోట్లో పెట్టుకుంటే? పెంపుడు కుక్క నమిలితే? జిగురు వైపు లోపలికి మడిచి, మూత ఉన్న చెత్తబుట్టలోనే వేయండి. కొత్తవాటిని పిల్లలకు అందని ఎత్తులో ఉంచండి.

పాఠశాల తరఫున ఒక మనవి

డాక్టరు సలహాతో ప్యాచ్ వేసి పంపిస్తే మందు పేరు, వేసిన సమయం డైరీలో రాయండి. పీటీ సారు ఆ రోజు ఆట నుంచి మినహాయిస్తారు, సిక్‌రూమ్‌లో నర్సు అదే మందును మాత్రగా ఇవ్వకుండా చూసుకుంటారు. బ్యాగులో విడి ప్యాచ్‌లు పెట్టి పంపకండి. పిల్లలు వాటిని స్నేహితులతో స్టిక్కర్లలా పంచుకుంటారు.

ఈ ఆదివారం మీ ఇంటి మందుల డబ్బా తీయండి. మీ అబ్బాయి లేదా అమ్మాయి చేత ప్రతి ప్యాచ్ బాక్సు మీద మందు పేరు, ఏ వయసు వారికి, ఎక్స్‌పైరీ తేదీ చదివించండి. గడువు దాటినవి పక్కన పెట్టండి. పది నిమిషాల పని. మందును చదివి వాడాలన్న అలవాటు ఆ పది నిమిషాల్లోనే పిల్లలకు మొదలవుతుంది.